సత్తెమ్మక్క పడ్డ రోజు

“జర మెల్లగ పట్టుకోవే యాదీ, మళ్లా పడగొడుతవా ఏంది?”

“పడగొట్టిన్నాడు నువ్వే లేసినవ్ గదక్కా. నేను లేపిన్నా?”

నల్లగొండ దవాఖానాలో, మంచం మీది నుంచి లేపి బాత్‌రూముకు నడిపిస్తున్నప్పుడు మా యారాలు, అంటే తోడికోడలు, సత్తెమ్మక్కకూ నాకూ జరిగిన మాటలివి. ఇవే ఆఖరివి అవుతాయని ఇద్దరికీ తెలియదు. తెలిస్తే అట్లాంటి మాటలు మాట్లాడుకుంటామా? ఆమె తిరిగి వచ్చి పడుకుంది. నేను చాయ్ తేవడానికి కిందికి పోయాను. తెచ్చేసరికి మంచం చుట్టూ నర్సులున్నారు. గుండె ఆగిపోయిందన్నారు. చేతిలో చాయ్ ఎక్కడ పెట్టానో, ఎవరికిచ్చానో ఇప్పటికీ గుర్తు రాదు. ఆమె ఏదో నవ్వుకు అంది, నేనూ నవ్వుకే బదులిచ్చాను. కానీ ఆ మాట అక్కడ ఆగిపోయింది చూడు, అప్పటి నుంచి నేను ఒక్క జాగాలో కూర్చోలేకపోతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు.

సత్తెమ్మక్క బిడ్డ రేణుక అప్పుడు ఆ గది గుమ్మం దగ్గరే ఉంది. దినాలు అయిపోయి చుట్టాలందరూ ఎవరిళ్లకు వాళ్లు పోయాక నా పక్కన చేరి అడిగింది. “చిన్నమ్మా, మా అమ్మను నువ్వెప్పుడు పడగొట్టినవ్?” నేను చెప్పలేక మాట తప్పించాను. మర్నాడు మళ్లీ అడిగింది. “జెప్పు, నేను రాస్త. నీకు ఎట్ల యాదికొస్తె గట్ల జెప్పు.” నాకు సంతకం చేయడం వచ్చు, బస్సు మీది ఊరి పేరు చదవడం వచ్చు, అంతే. అందుకని నేను వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ చెబుతున్నాను, అది గడప మీద కూర్చుని తన చదువు మాటలో రాస్తోంది. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే రాయమన్నాను. మీ అమ్మ నోటి మాటను సాపు చేస్తే అది మీ అమ్మ మాట కాకుండా పోతుంది.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో సంగతి ఇది, అప్పటికి రేణుక బడికి పోయే చిన్నపిల్ల. మేళ్లచెరువు అవతల, సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించేంత దూరంలో మా ఊరు. ఇంటి ముందు గొర్ల దొడ్డి, ఇంటి వెనక సున్నపురాయి బండలు. వాన పడితే ఇల్లంతా దొడ్డి వాసన, వాన లేకపోతే ఇల్లంతా ఫ్యాక్టరీ దుమ్ము. మా అత్త అందరికంటే ముందు లేచి గడప మీద కూర్చుని చుట్ట ముట్టించేది. ఆ వాసన వస్తేనే మాకు తెల్లారినట్టు. సగం కాలిన చుట్టను ఆర్పి చెవి మీద పెట్టుకుని దొడ్డిలోకి పోయి, కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలను ఒక్కొక్కటే ఎత్తి మూతి వాసన చూసేది. పాలు తాగిన పిల్ల మూతి ఒక వాసన, తాగని పిల్ల మూతి ఇంకో వాసన. తాగని పిల్ల కనిపిస్తే తల్లిని వెతికి మోకాళ్ల మధ్య ఇరికించుకుని దానికి పాలిప్పించేది. ఆ పని అయ్యేదాకా ఎవరూ ఆమెను పలకరించకూడదు. అక్క వాకిలి ఊడ్చి సానుపు చల్లేది, నేను జొన్నరొట్టెలు కొట్టేదాన్ని. ఆమె చల్లుతుంటే ముంజేతి నిండా గాజులు గలగలమనేవి. నా రొట్టెల చప్పుడు మాత్రం ఉత్త అరచేతుల చప్పుడు. నా చేతులకు గాజులు పోయి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు.

నా పుట్టిల్లు ఇక్కడ కాదు. కోస్గి పక్కన, వాన పడితేనే పంట అనే నేలలో. మా బాపు ఎండాకాలం మందతో కృష్ణ ఒడ్డుకు వలస వచ్చేవాడు. అట్లా వచ్చినచోట మా మామతో దోస్తీ కుదిరి ఈ సంబంధం కలిపాడు. మా ఆయన సైదులు మెత్తని మనిషి. మంద వెంట ఉండగా పిడుగు పడి పోయాడు. పిల్లలు లేరు. నాకు ముప్పై కూడా లేవు. కర్మ అయిన తర్వాత అత్త మా అన్నకు కబురు పంపింది, వచ్చి పిల్లను తీసుకుపొమ్మని. ఆమెను ఇప్పుడు తప్పుపట్టను. కొడుకు పోయిన ఇంట్లో కోడలు ఎదురుగా తిరుగుతుంటే ఏ తల్లికైనా కడుపు మండుతుంది. కానీ అన్న ఇంట్లో ఇద్దరు వదినల మధ్య, ఆ ఎండిన నేల మీద, నేను ఏమై బతకాలి? అప్పుడు అడ్డం నిలబడింది సత్తెమ్మక్క. ఆమె అప్పటికే ఫ్యాక్టరీ గేటు దగ్గర గార్డు. లోపలికి పోయే ఆడకూలీలను సోదా చేయడానికి ఆడవాళ్లు కావాలి కదా, సూపర్‌వైజరుకు చెప్పి నన్నూ పెట్టించింది. ఖాకీ కోటు చీర మీద తొడుక్కుని మొదటి రోజు నేను గేటు దగ్గర నిలబడితే, నా కాళ్ల కింద నేల నాదే అనిపించింది. ఆ తర్వాత అత్త మా అన్న మాట ఎత్తలేదు. కానీ ఎత్తకుండా ఉన్నది ఆ నౌకరి వల్లనే అని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

అట్లా కొంతకాలం గడిచాక ఒక లారీ డ్రైవరు తాగి వచ్చి గేటు దగ్గర ఒక గార్డమ్మ చెయ్యి మెలిపెట్టాడు. అది పెద్ద గొడవ అయింది. కాంట్రాక్టరు హైదరాబాద్ నుంచి ఒక మాస్టరును పిలిపించాడు, మాకు చేతులు విడిపించుకోవడం, మనిషిని పడేయడం నేర్పడానికి. జపాను వాళ్ల విద్యట, ఐకిడో అంటారట. మేమేమో పహిల్వాన్ వస్తాడనుకున్నాం. వచ్చినాయన బక్కపలచని ముసలాయన, తెల్ల జుట్టు, చేతిలో వెదురు కట్టె. ఆ కట్టెతో మా పాదాలు చూపించేవాడు తప్ప ఆడవాళ్లను చేత్తో తాకేవాడు కాదు. క్యాంటీన్ వెనక సిమెంటు సంచులలో ఎండుగడ్డి కుక్కి, వరసగా పరిచి, మీద టార్పాలిన్ కట్టారు. పొద్దున డ్యూటీకి ముందు అక్కడ మా చదువు. గడ్డి వాసన, సిమెంటు వాసన, అందరి తలల కొబ్బరినూనె వాసన. కొంగులు నడుముకు చుట్టి, నాట్లకు దిగినట్టు చీరలు ఎగచెక్కి జోడీ జోడీగా నిలబడేవాళ్లం.

ఆయన నేర్పింది చూడటానికి చిన్నదే. ఎదుటి మనిషి గుద్దడానికి చెయ్యి చాపి వస్తుంది. నువ్వు పక్కకు తప్పుకుని ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టాలి, నీ బొటనవేలు ఆమె చేతి వెనక ఆనాలి. పట్టి గుంజకూడదు. ఆమె వచ్చిన దారినే ఇంకొంచెం ముందుకు నడిపించి, చుట్టూ తిప్పి, ఆమె అడుగులు నిన్ను అందుకోలేక తొట్రుపడుతున్నప్పుడు చేతిని ఆమె భుజం వైపుకు మడవాలి. అప్పుడు ఆమె వెనక్కి పడుతుంది. మేము మొదట్లో బావిలో చేద లాగినట్టు లాగేవాళ్లం. మాస్టరు తల పట్టుకునేవాడు. “గుంజకండమ్మా! గుంజితె ఆమె కాళ్లు నేలల పాతుకుంటయి. ఆమెను నడిపియ్యాలె. తూకం ఒక్కపారి ఆమె కాళ్ల కెల్లి తీసుకున్నంక పడేదాంక మళ్ల ఇయ్యొద్దు. నడుమ ఆగిండ్రా, అయిపాయె. నిలబడ్డ మనిషిని ఎవలు పడేస్తరు?” నడుమ ఆగవద్దు అన్న మాట రోజూ చెప్పేవాడు. మేము రోజూ నడుమ ఆగేవాళ్లం. ఎదుటి మనిషి ఒరుగుతుంటే పట్టుకోవడమే కదా మాకు తెలిసింది! అయ్యో పడుతుంది అని రెండో చెయ్యి దానంతటదే ఆమె వీపు కిందికి పోయేది.

ఇక గాజుల సంగతి. మొదటి రోజే మాస్టరు అన్నాడు, “గాజులు తీసి పక్కకు పెట్టుండ్రమ్మా, గుచ్చుకుంటయి.” ఒక్కసారి అందరూ గొల్లుమన్నారు. మా గుంపులో మంగ అని ఒకామె, నోరు పెద్దది. “గాజులు తీసుడేంది సారూ? మా ఇంటోళ్లు బతికుండొద్దా? మార్సుకునేటప్పుడన్న సేతికి పసుపు దారం లేకుంట ఒక్క నిమిషం ఉండం. కాయిదం రాసిస్తవా, మా ఇంటాయనకు ఏం గాదని?” మాస్టరు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ పట్టే చేతికి గాజులుంటే ఫికర్ లేదు, మెలి తిరిగే చేతికి ఉంటేనే పగులుతాయి. మరి ఎవరి చెయ్యి మెలిపెట్టాలి? మంగ చుట్టూ చూసింది. నా దగ్గర ఆమె చూపు ఆగింది. “యాదమ్మా, నీ సెయ్యియ్యవే జర,” అంది. ఆమె మనసులో చెడు లేదు. ఖాళీ జాగాలో బండి నిలిపినట్టు, ఖాళీ చేతిని అడిగింది. ఆ తర్వాత ఇంకొకామె అడిగింది. ఆ తర్వాత అందరూ. నేను వద్దనలేదు. సత్తెమ్మక్క కూడా నా చెయ్యే పట్టి నేర్చుకుంది.

అట్లా నేను అందరికీ జోడీనయ్యాను. అందరూ నన్ను పడేసేవాళ్లు, నేను పడేదాన్ని. పడటం నాకు బాగా వచ్చింది. మొదట మడమ లేస్తుంది, తర్వాత మోచేయి ఒంటి నుంచి దూరమవుతుంది, తర్వాత కడుపులో ఏదో జారినట్టవుతుంది, తర్వాత క్యాంటీన్ రేకులు కనిపిస్తాయి. ఖాళీగా ఉన్న ఎడమ చేతిని మోచేతి నుంచి అరచేతి దాకా టార్పాలిన్ మీద కొట్టాలి, అప్పుడు వీపుకు దెబ్బ తగలదు. మాస్టరు నన్ను చూపించి, “గీమె తీరు పడాలె,” అనేవాడు. నాకు సంబరంగా ఉండేది. నా వంతు రావడం లేదని నాకే తోచలేదు, ఆయనకూ తోచలేదు. ఒకనాడు తోచింది. కట్టె నేలకానించి నన్ను అడిగాడు, “నువ్వెప్పుడు పడేస్తవమ్మా?” మళ్లీ తానే అన్నాడు, “ఆఫీసరు వచ్చి చూస్తడు. మనిషిని పడేసినోళ్లే గేటు మీద ఉంటరు. రానోళ్లను ప్యాకింగుల ఊడ్వనీకి పంపుతమని కాంట్రాక్టరు జెప్పిండు. నీకు సంగతి ఎరకేనా?” ప్యాకింగు అంటే సిమెంటు దుమ్ములో రోజంతా చీపురు పట్టడం. అక్కడి పని ఈ రోజు ఉంటుంది, రేపు ఉండదు. అది పోయిన రోజున మా అన్నకు మళ్లీ కబురు పోతుంది. ఆ పొద్దున నేను మంగను అడిగాను, ఒక్కసారి చెయ్యి ఇవ్వమని. ఆమె వెనక్కి అడుగేసింది. రెండు చేతులు కొంగులో దాచుకుని, “నీ కాళ్లు మొక్కుత యాదమ్మా, నువ్వు మాత్రం నా గాజుల మీద సెయ్యెయ్యకు,” అంది. గాజు పగిలితే ఒక దోషం, నా చేతిలో పగిలితే ఇంకో దోషం. నేను ఇంకెవరినీ అడగలేదు.

ఇంటికి పోయేటప్పుడు దారి పొడవునా సత్తెమ్మక్క ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అట్లా ఉండే మనిషి కాదు ఆమె. ఊరికే ఉంటే నోరు తుప్పు పడుతుందన్నట్టు మాట్లాడేది. మర్నాడు పొద్దున అత్త దొడ్డిలో పిల్లల మూతులు చూస్తుండగా, గడ్డివాము వెనక నుంచి పిలిచింది. చూస్తే కుడి మణికట్టుకు తన పెనిమిటి, మా బావ పాత రుమాలు లావుగా చుట్టుకుని ఉంది.

“రా, పట్టు.”

“అక్కా, వద్దు. అత్త సూస్తె…”

“అత్త గొర్రెపిల్ల మూతి సూస్తాంది, నా మూతి కాదు. పట్టు అంటాన్న.”

“గాజులు పలుగుతయక్కా.”

“పలిగితె మళ్ల ఏసుకుంట. నీ నౌకరి పోతె మళ్ల ఏడికెల్లి ఏసుకుంటవ్?”

పట్టాను. ఆమె లావు మనిషి, నిలబడితే గుంజ పాతినట్టే. నేను నడిపించేదాన్ని, ఆమె రెండడుగులు ఒరిగేది, నా కన్ను రుమాలు మీదికి పోయేది, నా చెయ్యి ఆగేది. ఆమె కాళ్లు రెండూ నేలకు ఆనించుకుని నిలబడి నన్ను తిట్టేది. “గో, మళ్ల ఆగినవ్! నా పెనిమిటి బాగనే ఉన్నడు, హాలియా కాడ మంద పెట్టుకుని తిని పండుతుండు. ఆయన ఫికర్ నీకెందుకే? నన్ను సూడు.” చూసేదాన్ని. మళ్లీ ఆగేదాన్ని. ఎన్ని పొద్దులు చేశామో, ఒక్కసారి కూడా ఆమె నడుము గడ్డిని తాకలేదు. ఇది గట్టిగా రాయి రేణుకా. ఒక్కసారి కూడా తాకలేదు.

ఒక పొద్దున మాత్రం ఆమె తిట్టినదానికి రోషం వచ్చి కాస్త జోరుగా తిప్పాను. రుమాలు లోపల పటుక్కుమంది. ఇద్దరం అట్లాగే నిలబడిపోయాం. ఆమె రుమాలు విప్పింది. ఎర్ర మట్టిగాజు రెండు ముక్కలై అందులో పడింది, మణికట్టు మీద సన్నని నెత్తురు గీత. వెనక నుంచి చుట్ట వాసన వచ్చింది. అత్త! ఆమె ముందు ముక్కలను చూసింది, తర్వాత నన్ను చూసింది. “నా పెద్దకొడుకు ఊరుగాని ఊర్ల ఉండె. ఒకన్ని మింగినవ్, సాల్లేదానే నీకు?” అని దొడ్డి కంచె పట్టుకుని కూలబడిపోయింది. సత్తెమ్మక్క ముక్కలను రుమాలులో మూటగట్టింది. లోపలికి పోయి మా బావకు ఫోన్ చేసింది. పలకలేదు. ఫోన్ బంద్ ఉందని ఆడమనిషి గొంతు చెప్పింది.

ఆ రోజు నేను నడిచిన నడక ఎవరు నడిచారో చెప్పమను. డ్యూటీలో గేటుకూ కుర్చీకీ మధ్య, ఇంట్లో పొయ్యికీ వాకిలికీ మధ్య, వాకిలికీ బస్సు ఆగే చోటికీ మధ్య. ఎవరి ఫోన్ మోగినా లేచి వాళ్ల దగ్గరికి పోయేదాన్ని. బావ మందను హాలియా పక్కన, వరి కోసిన మడులలో పెట్టాడు. సాగర్ కాల్వ నీళ్లుంటాయి, మేత ఉంటుంది, ఎరువు కోసం రైతులు మందను పిలుస్తారు. ఏటా పోయేదే. కానీ ఆ రోజు నాకు కాల్వ గుర్తొచ్చేది, లారీలు గుర్తొచ్చేవి, పాములు గుర్తొచ్చేవి, అన్నిటికంటే ఎక్కువగా పిడుగు గుర్తొచ్చేది. ఆకాశంలో ఒక్క మబ్బు లేకపోయినా! సత్తెమ్మక్క పైకి ఏమీ అనలేదు. కానీ పప్పులో ఉప్పు ఒకసారి వేసి, మరిచిపోయి మళ్లీ వేసింది. అత్త అది తిని కూడా ఉప్పని అనలేదు. నేను పళ్లెం పక్కకు పెట్టి లేచాను. ఈ చేతిని ఏం చేయాలి, ఎక్కడ పెట్టుకోవాలి అని, నా కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని తిరిగాను.

మర్నాడు పొద్దు నడినెత్తి మీదికి వచ్చాక ఫోన్ మోగింది, తెలియని నంబరు. సత్తెమ్మక్క చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. మా బావ గొంతు మాకందరికీ వినిపించేంత గట్టిగా ఉంది. “నా ఫోను కాల్వల పడ్డదే. నీళ్లు తాగవోతె జేబుల కెల్లి జారింది. గిది మడి ఆసామి ఫోను. ఏమన్న పనుండి జేసినవా?” అక్కకు నవ్వు వచ్చింది, నవ్వుతూనే ఏడ్చింది. “ఫోనే పోయిందా! గాజుకు ఫోను సరిపాయె తియ్యి. ఇగ నువ్వు బద్రం, ఏం గాదు నీకు.” బావకు ఏమీ అర్థం కాలేదు. అత్త లేచి, చెవి మీది చుట్ట తీసి ముట్టించింది. ఆ సాయంత్రమే గాజుల ఆమెను ఇంటికి పిలిపించి, పెద్దకోడలి రెండు చేతులకూ నిండుగా కొత్త గాజులు వేయించింది, ఆకుపచ్చవీ ఎర్రవీ కలిపి. వేయించి నా వైపు చూడకుండా అంది, “ఇగ నా వాకిట్ల ఆ పట్టుడు పడేసుడు లేదు.” అంతే. ఆఫీసరు వచ్చే రోజు దగ్గర పడుతోంది. నేను ఎవరినీ పడేయకుండానే ఆ రోజు వచ్చేసింది.

ఆఫీసరు క్యాంటీన్ నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన కాంట్రాక్టరు. మాస్టరు ఒక్కొక్కరినే పిలిచాడు. మంగ వచ్చి నన్ను పడేసింది. ఇంకొకామె వచ్చి నన్ను పడేసింది. సత్తెమ్మక్క కూడా నన్ను పడేసి తన నౌకరి నిలబెట్టుకుంది. అందరూ అయ్యారు. మాస్టరు కట్టెతో నన్ను చూపించాడు. “ఇగ యాదమ్మ. జోడీ ఎవలు?” ఎవరూ కదల్లేదు. అందరి చేతులూ కొంగుల కిందికి పోయాయి. కాంట్రాక్టరు గడియారం చూసుకున్నాడు. టార్పాలిన్ నడుమ నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను. కోస్గి పోయే బస్సు కళ్ల ముందు కనిపించింది, కిటికీ పక్కన నా మూట కనిపించింది. అప్పుడు వెనక నుంచి గాజుల గలగల వినిపించింది. సత్తెమ్మక్క వచ్చి నా ఎదురుగా నిలబడింది. చేతికి రుమాలు లేదు.

“అక్కా, పేలిక కట్టుకోవా?” అన్నాను మెల్లగా.

“ఆఫీసరు ముందట పేలికలేందే, పొయ్యి కాడికి వచ్చినమా? సూస్కో, నిజంగ గుద్దుత.”

నిజంగానే గుద్దింది. పిడికిలి నా డొక్కలో తగలబోతుంటే పక్కకు తప్పుకున్నాను. చెయ్యి దొరికింది. నడిపించాను. ఆమె ఒరిగింది. కొత్త గాజులు నా వేళ్ల కింద చల్లగా తగిలాయి, అప్పుడు నేను ఆగానా? అదే నాకు తెలియదు. ఆగినట్టే గుర్తు. ఆగలేదేమో కూడా. నా బొటనవేలు ఆమె చేతి వెనక ఉంది, ఆమె మోచేయి దూరమైంది, మడమ లేచింది, ఆ పైన అంత మనిషి గాలిలో ఉంది. టార్పాలిన్ మీద ఎడమ చేతితో ఫాట్‌మని కొట్టింది. ఆ చేతి గాజులన్నీ ఒక్కసారి పగిలి ముక్కలు నాలుగు దిక్కులా ఎగిరాయి. మంగ నోరు మూసుకుంది. మాస్టరు కట్టె నేలకు తట్టి, “శాబాష్,” అన్నాడు. ఆఫీసరు తలూపాడు. నేను మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని కొయ్యలా నిలబడ్డాను, లేపాలని కూడా తోచలేదు. ఆమె తానే లేచి, చీర దులుపుకుని, “అమ్మో, నడుమిరిగింది,” అని నవ్వింది. వంగి గాజు ముక్కలన్నీ కొంగులో ఏరుకుంది, ఎవరి కాలికైనా గుచ్చుకుంటాయని.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ అడిగాను. “అక్కా, నేనే పడేసిన్నా? నువ్వే పడ్డవా?” ఆమె నా వైపు చూడలేదు. “నడువ్ నడువ్, రొట్టెలు జెయ్యాలె.” అత్త అక్క బోడి ఎడమ చేతిని చూసి, లోపలికి పోయి పసుపు దారం తెచ్చి తానే కట్టింది. నా నౌకరి నిలిచింది. ఆ నౌకరి మీదే ఇన్నేళ్లు తిన్నాను, ఆ ఇంట్లోనే ఉన్నాను, నా చేతుల మీదే నువ్వు పెరిగావు రేణుకా. తర్వాత కూడా ఎన్నోసార్లు అడిగాను, పొలం గట్టు మీద, పెండ్లిళ్లలో, బస్సులో. ఒకసారి నవ్వేది, ఒకసారి తిట్టేది, ఒకసారి “నీకింక గదే పురుగా?” అనేది. పోనీలే, తీరికగా అడుగుదాం అనుకునేదాన్ని. దవాఖానాలో నన్ను పట్టుకుని నడుస్తున్నప్పుడు ఆ మాట తానే ఎత్తింది కదా. నేను అప్పుడైనా అడగవచ్చు. అడగకుండా ఎగతాళి చేశాను.

ఇప్పుడు గేటు దగ్గర చూస్తే నవ్వు వస్తుంది. మనిషిని మనిషి తాకే పనే తగ్గిపోయింది. వేలు పెడితే మిషను కూస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. కొత్తగా వచ్చిన ఆడపిల్లలు ప్యాంటూ షర్టూ వేసుకుంటారు. ఒక చేతికి గడియారం, ఇంకో చేతికి ఏదో రబ్బరు పట్టీ. మట్టిగాజులు పండగకు వేసుకుంటారు, మర్నాడు తీసి డబ్బాలో పెడతారు. మొన్న ఒక పిల్లకు సరదాగా ఆ పట్టు చూపిద్దామని చెయ్యి అడిగితే, అడిగీ అడగకముందే రెండు చేతులూ చాపింది. నేను ఎవరో, నాకు మొగుడున్నాడో లేడో ఆ పిల్ల లెక్కలోనే లేదు. సంతోషించాలి కదా? సంతోషించాను. కానీ ఆ ఖాళీ చేతిని పట్టుకుంటే నా వేళ్లకు ఏదో తక్కువైంది. పగిలిపోతుందేమోనన్న భయం లేకుండా ఇచ్చిన చెయ్యికీ, పగులుతుందని తెలిసీ ఇచ్చిన చెయ్యికీ బరువులో తేడా ఉంటుంది. మా అత్త ఇప్పుడు నడవలేదు. దొడ్డి దాకా పోవాలన్నా ఎవరో ఒకరు పట్టుకోవాలి. పట్టుకోవడానికి నా చెయ్యే అడుగుతుంది. ఎవరైనా పెద్దకోడలి పేరు ఎత్తితే మాత్రం నా వేళ్లను గట్టిగా నొక్కుతుంది.

నేను ఎంత తిరిగినా ఆ టార్పాలిన్ దగ్గరికే వస్తున్నాను. ఆమె తానే పడితే, నా ఇన్నేళ్ల బతుకు ఆమె పడేసిన ముద్ద. నేనే పడేస్తే అది నా కష్టం. రెండింటిలో ఏదైనా నాకు ఫికర్ లేదు, తెలిస్తే చాలు. తానే పడాలనుకున్న మనిషి మెల్లగా ఒరిగి, ఎడమ చేతిని కడుపు మీద పెట్టుకుని పడవచ్చు, కొత్త గాజులు దక్కేవి. మంగ వాళ్లు అట్లాగే పడేవాళ్లు, జోడీ లేకుండా పడటం నేర్చుకునేటప్పుడు. ఈమె మోచేయి నుంచి అరచెయ్యి దాకా బలంగా కొట్టింది. నిజంగా పడుతున్న మనిషే అట్లా కొడుతుంది. ఇది ఒక పక్క. కానీ రేణుకా, మీ అమ్మ అబద్ధం ఆడినా సగం ఆడే మనిషి కాదు. నన్ను నిలబెట్టడానికి పడాలనుకుంటే, గాజులన్నీ పగిలేటట్టే పడుతుంది. గడ్డివాము వెనక అన్ని పొద్దులు నిలబడ్డ మనిషి ఆ ఒక్క పొద్దున ఎట్లా లేచింది గాలిలోకి? ఇది ఇంకో పక్క. నాలోపల నేను చెప్పుకున్నప్పుడల్లా ఒకసారి అటు, ఒకసారి ఇటు ఒరుగుతున్నాను. నా మాట నాకే వినబడి వినబడి మొద్దుబారిపోయింది.

నీ గొంతు మీ అమ్మ గొంతే. నేను ఈ గడప మీద కూర్చుంటాను, ఈసారి లేవను. ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడిన కాడి నుంచి చదువు బిడ్డా. నేను పడేసినట్టు వినబడుతుందా, ఆమె పడ్డట్టు వినబడుతుందా, చదువు, వింటాను.